ద్రవ సబ్బు గుట్టు పొటాషియంలో ఉంది

అరిగిపోయిన సబ్బు ముక్కల్ని తురిమి, వేడినీళ్లలో కరిగించి, హ్యాండ్‌వాష్ సీసాలో పోసి చూశారా? వేడిగా ఉన్నంతసేపు చక్కగానే పారుతుంది. తెల్లారేసరికి సాగుతూ, ముద్దలు కట్టి, సీసా మూతి దగ్గరే ఆగిపోతుంది. దానికి కారణం సబ్బులోని సోడియం.

నూనె క్షారంతో చర్య జరిపితే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. దీన్ని సపోనిఫికేషన్ అంటారు. క్షారంగా కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ వాడితే గట్టి సబ్బు వస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే మెత్తని ముద్ద వస్తుంది. పొటాషియం సబ్బులు నీటిలో బాగా కరుగుతాయి కాబట్టి ఆ ముద్దకు నీళ్లు చేరిస్తే అసలైన ద్రవ సబ్బు సిద్ధం.

100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 25 గ్రాముల శుద్ధమైన పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలి. 90 శాతం శుద్ధత ఉన్న రేకులైతే 28 గ్రాములు. వాటిని మూడు రెట్ల నీటిలో కరిగించి, గోరువెచ్చని నూనెలో నెమ్మదిగా పోస్తూ కలపాలి. ఆ మిశ్రమాన్ని సన్నని సెగపై కొన్ని గంటలు ఉంచితే తెల్లని ముద్ద తేనెరంగులోకి మారుతుంది. చిటికెడు తీసి వేడి డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. తేటగా కరిగితే ఉడికినట్టే. మసకగా ఉంటే నూనె ఇంకా మిగిలినట్టు. చివర్లో ముద్దకు సమానమైన బరువు వేడి నీటితో మొదలుపెట్టి పలుచన చేసుకోవచ్చు.

పొటాషియం హైడ్రాక్సైడ్ దొరకలేదని అదే తూకంలో కాస్టిక్ సోడా వేస్తే ప్రమాదం. మొదటిదాని అణుభారం 56, రెండోదానిది 40. అంటే 28 గ్రాముల కాస్టిక్ సోడా వేస్తే నూనెకు కావలసింది 18 గ్రాములే. మిగిలిన సుమారు 10 గ్రాములు సబ్బులోనే ఉండి చర్మాన్ని కాలుస్తాయి.

క్షారాన్ని నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. క్షారంపై నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖంపైకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడకండి. క్షారం దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వాయువును వదులుతుంది. స్టీలు గిన్నె, రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన క్షార ద్రావణాన్ని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయకండి. పిల్లలు నీళ్లనుకుని ఒక్క గుక్క తాగినా అన్నవాహిక కాలిపోతుంది.

సువాసన కోసం నిమ్మరసం కలిపే అలవాటూ మంచిది కాదు. ఆమ్లం సబ్బును విడగొడుతుంది. జిడ్డు పైకి తేలుతుంది.

గ్రాము తేడా చూపే తూకం ఇంట్లో లేకపోతే కుంకుడుకాయలే మేలు. గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి, మరిగించి వడకడితే చాలు. నురగనిచ్చేది వాటిలోని సపోనిన్లు, క్షారంతో పనిలేదు. కళ్లలో పడితే మాత్రం మండుతుంది. రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా చేసుకోండి.