మధుమేహము – అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు

"అరికాళ్ళు భగభగ మండుతున్నాయండీ, చీమలు పాకుతున్నట్టుంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు" – మధుమేహ రోగులు నాతో తరచుగా చెప్పుకొను బాధలివి. ఇవి మన పూర్వులకు తెలియనివి కావు. చరకసంహిత నిదానస్థానమున, ప్రమేహ పూర్వరూపములలోనే కాలుసేతుల తిమ్మిరి, మంట చెప్పబడినవి.

రక్తములో చక్కెర ఏళ్ళ తరబడి అధికముగా నున్నచో నరములును, వాటిని పోషించు సూక్ష్మ రక్తనాళములును దెబ్బతినును. మిక్కిలి పొడవైన నరములు పాదములకు పోవునవి గనుక బాధ మొదట కాలివ్రేళ్ళలో కనిపించి, మేజోడు తొడిగినంత మేర పైకి ప్రాకును. చేతులకు సాధారణముగా తరువాతనే వచ్చును. రాత్రివేళ బాధ హెచ్చుగా నుండును.

మంట ఉన్నంతకాలము రోగి వైద్యుని వెదకుకొనుచు వచ్చును. మంట పోయి మొద్దుబారిననాడు నయమైనదని తలచును. అసలు ప్రమాదము అప్పుడే ఆరంభమగును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను తెలియదు. పుండు పడి, చీము పట్టి, తుదకు కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. కావున నేను రోగులకు చెప్పు నియమములివి:

1. ప్రతి రాత్రి పాదములను, వ్రేళ్ళ సందులను వెలుతురులో పరీక్షించుకొనవలెను. అడుగుభాగము చూచుటకు అద్దమును నేలపై నుంచుకొనవచ్చును.

2. గోరువెచ్చని నీటితో కడిగి, తడి లేకుండ తుడిచి, నువ్వులనూనె పలుచగా రాయవలెను. వ్రేళ్ళ సందులలో మాత్రము రాయరాదు. నీటి వేడిని మోచేతితో చూడవలెను. కాపడములు పెట్టరాదు.

3. ఇంటిలోను చెప్పులు వాడవలెను. తొడుగుటకు ముందు దులుపవలెను. ఆనెలను బ్లేడుతో కోయరాదు. పొగాకు మానవలెను.

4. నానబెట్టిన మెంతులు, కాకరకాయ ఆహారములో వాడుకొనవచ్చును. అవి చక్కెరను కొంత తగ్గింపవచ్చును గాని దెబ్బతిన్న నరమును బాగుచేయలేవు. వానిని నమ్మి మాత్రలు, ఇన్సులిన్ మానరాదు. రెండును కలిపి వాడువారు చక్కెర మరీ పడిపోకుండ పరీక్షలు చేయించుకొనుచుండవలెను.

5. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలము వాడువారిలో బి12 విటమిన్ తగ్గి, ఇవే తిమ్మిర్లు కలుగవచ్చును. రక్తపరీక్షలో లోపము తేలినచో దానిని పూరించుకొనవచ్చును.

6. ఏటేట వైద్యునిచే పాదముల స్పర్శ పరీక్ష చేయించుకొనవలెను. 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును పాదమునకు తాకించి చూచుదురు. ఇందు నొప్పి ఉండదు.

పాదమున పుండు, వాపు, రంగు మార్పు కనిపించినచో పసుపు, ఆకుపసరు పూయుచు కాలయాపన చేయక ఆ దినముననే వైద్యునికి చూపవలెను. నొప్పి లేదని ఉపేక్షింపరాదు. ఈ వ్యాధిలో నొప్పి లేకపోవుటయే హెచ్చరిక.