గాల్లోకి వెళ్లని పాస్‌వర్డు

కొత్త టీవీ గోడకెక్కాక ఇంటిల్లిపాదికీ ఎదురయ్యే మొదటి పరీక్ష వైఫై పాస్‌వర్డు. రిమోట్‌లో బాణం గుర్తులు నొక్కుకుంటూ ఒక్కో అక్షరం మీదికీ వెళ్లాలి, ఓకే కొట్టాలి. క్యాపిటల్ లెటర్ కావాలంటే కిందికి దిగి షిఫ్ట్ నొక్కి, మళ్లీ పైకెక్కాలి. లోపలి గదిలో ఎవరో రౌటర్ తిరగేసి, అడుగున అంటించిన స్టిక్కర్ చూసి గట్టిగా చదువుతుంటారు: "క్యాపిటల్ ఆర్, స్మాల్ ఎ, ఎట్ ద రేట్, ఆ తర్వాత రెండు తొమ్ముదులు..." ఆ కేక పక్కింటికీ వినబడుతుంది. మనం వీధికంతా చాటిన ఆ పాస్‌వర్డును టీవీ మాత్రం రౌటర్‌తో ఒక్కసారి కూడా అనదు.

తొమ్మిదో తరగతిలో రేడియో తరంగాల గురించి చెబుతుండగా ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, మనం కొట్టిన పాస్‌వర్డు టీవీ నుంచి రౌటర్‌కి గాల్లోనే కదా వెళ్లేది? మధ్యలో పక్కింటివాళ్లు పట్టుకోలేరా?" చాలా మంచి అనుమానం. వైఫై తరంగాలు మన గోడల దగ్గర ఆగిపోవు. టీవీ పలికే ప్రతి మాటా చుట్టుపక్కల ఉన్న యాంటెన్నాలన్నిటికీ చేరుతుంది. పాస్‌వర్డు నిజంగానే అలా బయల్దేరితే మొదటి రోజే దాని పని అయిపోయేది. అది బయల్దేరదు. పాస్‌వర్డు పైకి అనకుండానే, అది తనకు తెలుసని టీవీ రుజువు చేసుకుంటుంది. వైఫై మొత్తంలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే పనితనం ఇదే. యాంటెన్నాలు ఎన్ని, స్పీడు ఎంత అన్నది ఆ తర్వాతి మాట.

ఇది ఎలా సాధ్యమో క్లాసులో ఒక ఆట కట్టి చూపించాను. ఇద్దరు పిల్లల్ని పిలిచి ఇద్దరి చెవిలోనూ ఒకే సంఖ్య చెప్పాను, 37. ఒకడు రౌటర్, ఇంకొకడు టీవీ. 37 అని పైకి మాత్రం అనకూడదు. రౌటర్ తనకు తోచిన సంఖ్య ఒకటి గట్టిగా అన్నాడు, 58. టీవీ దాన్ని 37తో గుణించాడు. 2146 వచ్చింది. అందులో చివరి రెండంకెలే పైకి చెప్పాడు, 46. రౌటర్ కూడా తన కాగితం మీద అదే గుణకారం చేసి పెట్టుకున్నాడు కాబట్టి సరిచూసుకుని లోపలికి రమ్మన్నాడు. క్లాసంతా విన్నది 58, 46 మాత్రమే. రేపు ఎవడో దొంగ వచ్చి అదే 46 చెబితే సరిపోతుందా? సరిపోదు. రేపు రౌటర్ 58 అనడు, 21 అంటాడు. దానికి జవాబు 77. నిన్నటి జవాబు ఇవాళ చెల్లదు.

అంతలో వెనక బెంచీ కుర్రాడొకడు నోట్సు చివరి పేజీ నిండా గుణకారాలు చేసి లేచాడు. "సార్, 1 నుంచి 99 దాకా అన్నీ 58తో గుణించి చూశా. 37కీ 87కీ తప్ప దేనికీ చివర 46 రాలేదు. 21కి 77 అన్నారు కదా, అది 87కి రాదు. రహస్యం 37." వాడు చేసింది అక్షరాలా సరైన పని. ఈ కుర్రాణ్ణి గుర్తుంచుకోండి, వాడితో మళ్లీ పని పడుతుంది.

వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చినప్పుడు దానికి పెట్టిన తాళం పేరు వెప్. తీగ ఉన్నంత భద్రంగా ఉంటుందని ఆ పేరులోనే చెప్పుకున్నారు. అందులోనూ ఈ సవాలు, జవాబుల ఆట ఉంది. ఆడిన తీరే తప్పు. మన ఆటలో గుణించే బదులు కూడితే ఏమయ్యేది? రౌటర్ 58 అన్నాడు, టీవీ 95 అన్నాడు. 95లోంచి 58 తీసేస్తే క్లాసంతటికీ 37 తెలిసిపోయేది. వెప్ దాదాపు ఇదే చేసింది. రౌటర్ 128 బైట్ల సవాలును బాహాటంగా పంపేది. అవతలి యంత్రం దానికి ఒక రహస్య అంకెల వరసను కలిపి తిప్పి పంపేది. వచ్చినదాన్నీ పోయినదాన్నీ పక్కపక్కన పెట్టి తీసివేసినవాడికి, అసలు తాళంచెవి దొరక్కపోయినా, దాన్నుంచి పుట్టిన ఆ వరస దొరికేది. పైగా ఏ వరస వాడాలో నిర్ణయించే హక్కు వచ్చినవాడిదే! కాబట్టి చాటుగా విన్నవాడు ఆ ఒక్క వరసతోనే ఎన్ని సవాళ్లకైనా సరైన జవాబిచ్చి దర్జాగా లోపలికి రావచ్చు. మనుషుల్ని పరీక్షించడానికి పెట్టిన ద్వారమే దొంగకి పాఠం చెప్పిందన్నమాట. ఇంతకన్నా ఏ పరీక్షా పెట్టకపోవడమే నయమని తర్వాత నిపుణులు తేల్చారు.

లోపల ఇంకా గోతులున్నాయి. ఆ వరసలు మారుతూ ఉండటానికి వెప్‌లో ఒక 24 బిట్ల నంబరు పెట్టారు. అంటే మొత్తం 1,67,77,216 రకాలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ నంబర్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ పోతే దాదాపు 5,000 ప్యాకెట్లు దాటేసరికే ఒకటి రెండోసారి పడే అవకాశం సగానికి పైగా ఉంటుంది. టీవీలో సినిమా నడుస్తుంటే 5,000 ప్యాకెట్లు పోవడానికి ఎంతోసేపు పట్టదు. 2001లో నికితా బోరిసోవ్, ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ ఇలాంటి లొసుగులన్నీ విప్పి చూపించారు. అదే ఏడాది ఫ్లూరర్, మాంటిన్, షమీర్ ముగ్గురూ వెప్ వాడుకున్న ఆర్‌సీ4 అనే గూఢలిపి పద్ధతి మూలంలోనే దెబ్బ కొట్టారు. 2007కి జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు వెప్ తాళాన్ని నిమిషం లోపల తీసి చూపారు. అంతకుముందే, మార్కెట్లోకి వెళ్లిపోయిన యంత్రాల కోసం 2003లో డబ్ల్యూపీఏ అనే అతుకు వేశారు. 2004లో అసలు మందు వచ్చింది, డబ్ల్యూపీఏ2. మన ఇళ్లలో ఇప్పటికీ ఎక్కువ టీవీలు మాట్లాడే భాష అదే.

ఇప్పుడు టీవీ తెర ముందుకి రండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరవగానే ఇరుగుపొరుగు రౌటర్ల పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి కదా. ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు తనే పిలుచుకుంటూ ఉంటుంది. టీవీ వాటిని విని జాబితా రాస్తుంది, అంతే. మన పేరు ఎంచుకున్నాక ముందు 'అథెంటికేషన్' అనే తంతు ఒకటి జరుగుతుంది. రావచ్చా అని టీవీ అడుగుతుంది, రా అని రౌటర్ అంటుంది. పేరుకే పరీక్ష. వెప్ రోజుల ఆచారం అలా మిగిలిపోయింది.

అసలు పని టీవీ లోపల మొదలవుతుంది. మనం కొట్టిన పాస్‌వర్డునూ నెట్‌వర్క్ పేరునూ కలిపి, వెనక్కి తిప్పలేని ఒక లెక్కలో వేస్తుంది. వచ్చిన ఫలితాన్ని మళ్లీ అదే లెక్కలో, మళ్లీ మళ్లీ, 4096 సార్లు. చివరికి 256 బిట్ల మూల సంఖ్య తేలుతుంది. ఇన్నిసార్లు ఎందుకంటే వెనక బెంచీ కుర్రాడి కోసం. మన టీవీ ఈ పని ఒక్కసారి చేస్తే చాలు, అది మనకు తెలియను కూడా తెలియదు. ఊహించి చూసేవాడు మాత్రం ఒక్కో ఊహకీ 4096 మెట్లు ఎక్కి దిగాలి. నెట్‌వర్క్ పేరు కలపడంలోనూ కిటుకుంది. ఒకే పాస్‌వర్డు రెండు ఇళ్లలో ఉన్నా పేర్లు వేరైతే మూల సంఖ్యలు వేరు, కాబట్టి జవాబుల పట్టిక ఒకటి ముందే తయారుచేసుకుని ఊరంతా తిరగడం కుదరదు. ఇందులో మనకూ ఒక లాభం ఉంది. రౌటర్ మార్చినప్పుడు కొత్తదానికి పాత పేరూ పాత పాస్‌వర్డూ పొల్లుపోకుండా పెడితే, మామూలుగా టీవీకి ఆ మార్పే తెలియదు. రిమోట్ పట్టుకునే పని తప్పుతుంది.

ఆ తర్వాత నాలుగు మాటలు నడుస్తాయి. దీన్నే ఫోర్ వే హ్యాండ్‌షేక్ అంటారు. మొదటి మాట రౌటర్‌ది. 256 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి బహిరంగంగా విసురుతుంది. టీవీ తనూ అలాంటిది ఒకటి పుట్టించుకుని, మూల సంఖ్య, రెండు యాదృచ్ఛిక సంఖ్యలు, రెండు యంత్రాల చిరునామాలు అన్నీ కలిపి ఈ పూటకి పనికొచ్చే తాళంచెవి తయారుచేస్తుంది. రెండో మాటగా తన యాదృచ్ఛిక సంఖ్యను పంపుతూ, దాని మీద ఆ కొత్త తాళంచెవి ముక్కతో ఒక ముద్ర వేస్తుంది. రౌటర్‌కి ఇప్పుడు సరుకులన్నీ అందాయి. తనూ అదే తాళంచెవి తయారుచేసి ముద్ర సరిచూస్తుంది. సరిపోతే టీవీకి పాస్‌వర్డు తెలుసన్నట్టే. సరిపోకపోతే?

ఇక్కడే నాకు మహా ఇష్టమైన చిన్న విషయం ఉంది. సరిపోకపోతే రౌటర్ 'తప్పు' అనదు. నోరు మూసుకుని ఆ మాటను పక్కన పడేస్తుంది. కాసేపాగి మొదటి మాట మళ్లీ పంపుతుంది, కొన్నిసార్లు చూసి తలుపేసేస్తుంది. తెర మీద 'పాస్‌వర్డు తప్పు' అని కనబడేది టీవీ తనకు తాను ఊహించుకుని రాసుకున్నదే. అందుకే రౌటర్ మూడు గోడల అవతల ఉండి ఈ మాటలు దారిలో పోయినా, కొన్ని టీవీలు అదే నింద మన వేళ్ల మీద వేస్తాయి. పాస్‌వర్డు సరిగ్గానే కొట్టానని గట్టి నమ్మకం ఉన్నవాళ్లు పదోసారి కొట్టే ముందు రౌటర్‌ని టీవీ దగ్గరికి జరిపి చూడండి.

మూడో మాటలో పరీక్ష రౌటర్‌కి. అది కూడా ముద్ర వేసి పంపాలి. మన రౌటర్ పేరే పెట్టుకుని ఎవడైనా పక్క వీధిలో ఇంకో పెట్టె పెట్టవచ్చు, పేరుకి అడ్డు లేదు. కానీ మూల సంఖ్య తెలియనివాడు ఈ ముద్ర వేయలేడు, టీవీ వాణ్ణి నమ్మదు. ఇంట్లోని యంత్రాలన్నిటికీ కలిపి వాడే ఉమ్మడి తాళంచెవి కూడా ఈ మాటలోనే గుప్తంగా అందుతుంది. నాలుగోది టీవీ చెప్పే 'అందింది'. ఇదంతా కంటి రెప్పపాటు పని. టీవీకి ఒక తాళంచెవి, ఫోన్‌కి వేరొకటి. రేపు టీవీ మళ్లీ ఆన్ చేస్తే ఇంకొకటి.

దీని మీదా దాడులు జరిగాయి. 2017లో బెల్జియంలోని లూవెన్‌లో మాథీ వాన్‌హోఫ్ మూడో మాట దగ్గర సందు పట్టాడు. నాలుగోది దారిలో పోయిందనుకుని రౌటర్ మూడో మాట మళ్లీ పంపితే, అవతలి యంత్రం వాడుతున్న తాళంచెవినే మళ్లీ కొత్తగా బిగించుకుని లెక్క మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఆ కాలపు కొన్ని లినక్స్, ఆండ్రాయిడ్ యంత్రాలైతే అన్నీ సున్నాలున్న తాళంచెవి బిగించుకున్నాయి! ఫోన్లకు అప్‌డేట్లు వచ్చాయి. టీవీల సంగతి కంపెనీ దయ. ఇక రిమోట్ కష్టం తప్పించడానికి పుట్టిన డబ్ల్యూపీఎస్‌లో ఎనిమిదంకెల పిన్ పద్ధతి ఉంది. దాన్ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూసేది, పైగా చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి వచ్చేదే. దాంతో ఊహించాల్సింది పది కోట్లు కాదు, పదివేలకి ఓ వెయ్యి కలిపితే 11,000 మాత్రమే అని 2011లో స్టెఫాన్ వీబోక్ చూపించాడు. ఎవరికి తట్టిందో అలా సగం సగం చూడాలని! రౌటర్‌లో ఆ పిన్ పద్ధతి ఉంటే ఆపేయండి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. అందులో చాటుగా విన్నవాడికి ఇంటికెళ్లి సరిచూసుకునే సరుకేదీ దొరకదు. ఒక్కో ఊహకీ రౌటర్‌నే వచ్చి అడగాలి. కొత్త టీవీలో, రౌటర్‌లో రెండిట్లోనూ అది ఉంటే వాడుకోండి.

లేనివాళ్లే ఎక్కువ, కాబట్టి వెనక బెంచీ కుర్రాడి దగ్గరికి రావాలి. డబ్ల్యూపీఏ2 నాలుగు మాటలూ ఒకసారి విన్నవాడు, ఇక మన ఇంటి దగ్గర ఉండక్కర్లేదు. తన గదిలో కూర్చుని ఒక్కో పాస్‌వర్డూ ఊహించి, 4096 మెట్లూ ఎక్కి, ముద్ర సరిపోయిందా అని చూసుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఈ పని సెకనుకు కొన్ని లక్షల సార్లు చేస్తుంది. మన ఇళ్లలో వైఫై పాస్‌వర్డుగా సెల్ నంబరు పెట్టుకునేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. మన దేశంలో సెల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అంటే అన్నీ కలిపి 400 కోట్లు. సెకనుకు 5 లక్షల చొప్పున చూసుకుంటే రెండు గంటల పదిహేను నిమిషాల్లో మొత్తం అయిపోతాయి. నాన్నగారి నంబరు అని తెలిస్తే ఆ రెండు గంటలూ అక్కర్లేదు.

పాస్‌వర్డు 63 అక్షరాల దాకా పెట్టుకునే వీలుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. సామెతలు, పాటల పల్లవులు వద్దు, అవి అందరికీ తోస్తాయి. రిమోట్‌తో అంత పొడుగు కొట్టడం విసుగే, కాదనను. టీవీ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ మళ్లీ కొట్టే పని ఉండదు. ఈ ఆదివారం తీరిక చేసుకుని మార్చేయండి.