మంచము మీది మాట



గత మాఘమాసమున మేము కొండాపురములోని మా పెద్దమ్మగారి యింటికి పోయియుంటిమి. కొండాపురమనిన భాగ్యనగరమునకు పడమట, మాదాపురమునకును గచ్చిబౌలికిని ఆనుకొనియున్న పేట. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్సు అను గుండ్రని మేడను ప్రారంభించిరి. పిమ్మట ఆ బండరాళ్ల నడుమ హైటెక్ సిటీ పెరిగినది. మా పెద్దమ్మగారి కుమార్తె, మాకు అక్క, ఆ ప్రాంతపు కచేరీలలో నొకదానియందు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగము చేయుచుండెడిది. 2018లో స్కూటరు ప్రమాదమున ఆమె మెడలోని వెన్నుపాము దెబ్బతినెను. నాటినుండి మెడకు దిగువ ఏ యవయవమును ఆమె మాట వినదు.

మేము లోనికి పోగానే పెద్దమ్మను, "అక్క కాఫీ త్రాగునా?" అని యడిగితిమి. అక్క మంచము మీద మెలకువగానే యున్నది. మమ్ము చూచి నవ్వుచునే యున్నది. అయినను ఆమెను గాక ఆమె తల్లి నడిగితిమి. పెద్దమ్మ బదులు చెప్పులోపల మంచము ప్రక్కనున్న తెర మీద ఒక్కొక్క అక్షరమే పుట్టి, "త్రాగెదను, పంచదార వద్దు" అను మాట నిలిచినది. పెద్దమ్మయు ఆశ్చర్యపడినది. ఆమె అన్నాళ్లుగా పంచదార వేయుచునే యున్నదట! ఇక మా సిగ్గు మాట చెప్పనేల?

అక్క మాటలాడలేనిది కాదు. మెడలో దెబ్బతగిలిన వారికి పొట్టకండరములును ప్రక్కటెముకల నడిమి కండరములును పనిచేయవు గనుక ఊపిరికి బలము చాలదు. నాలుగు మాటలకే ఆయాసము వచ్చును. అందుచే ఆమె తన గొంతును కచేరీ పనికై దాచుకొని, ఇంటి మాటలు తెర మీద వ్రాయుచున్నది. కంప్యూటరు పైనున్న చిన్న కెమెరా ఆమె ముఖమును కనిపెట్టుచుండును. తల యెటు కదలిన తెర మీది బాణపు గుర్తు అటు కదలును. ఒక అక్షరముపై ఆ గుర్తు క్షణకాలము నిలిచినచో ఆ మీట నొక్కినట్లే.

భీష్ముడు అంపశయ్యపై నుండి ధర్మరాజునకు చేసిన ఉపదేశము శాంతి, ఆనుశాసనిక పర్వముల నిండ పరచుకొనియున్నది. చిన్ననాట మా తాతగారు మాచే భారతము చదివించునపుడు, కదలలేని వృద్ధుడు అంత విషయమెట్లు చెప్పెనా యని వింతపడెడివారము. ఇప్పుడు మాకు తోచు వింత వేరు. అంత రాజ్యము గెలిచినవాడు పడక చెంత కూర్చుండి, మాటకు మాట అడ్డుపడక అంతసేపు వినెను గదా! దానికి ముందరి ఘట్టము మరియొకటి కలదు. పితామహుని తల వ్రేలాడుచున్నదని రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. ఆయన వానిని వలదని అర్జునుని వంక చూచెను. అర్జునుడు మూడమ్ములు నాటి ఆ తలను నిలిపెను. పడకపట్టిన వానికేమి కావలెనో వానినే యడిగి తెలిసికొనవలెనన్నమాట.

ఈ యంత్రముల విషయమునను మొదట అడుగవలసినది, రోగికి ఏమి పోయినదని కాదు, ఏమి మిగిలినదని. మెడ తిరిగినచో కెమెరా చాలును. తల కదలకున్నను కన్ను కదలినచో కంటిచూపును పట్టు పరికరములు కలవు. నరముల క్షయమువలన అవయవములన్నియు క్రమముగా చచ్చుబడు రోగమునందును కనుగ్రుడ్డును త్రిప్పు కండరములు చాలకాలము నిలుచును. మెదడు కాండమున రక్తనాళము పూడుకొని దేహమంతయు బిగిసినవారికిని కన్ను పైకి క్రిందికి త్రిప్పుటయు, రెప్పవాల్చుటయు తరచుగా మిగులును. చేతులు స్వాధీనము లేని సిరిసిల్ల రాజేశ్వరి కాలివ్రేళ్ల నడుమ కలము పట్టి తెలుగు కవితలు వ్రాసినది. సుద్దాల అశోక్ తేజగారి పూనికచే అవి పుస్తకముగా వెలువడినవి. 2022లో ఆమె గతించినది. ఆమెకు మిగిలినది పాదము. ఇంగ్లండునందలి స్టీఫెన్ హాకింగ్ పండితునికి తుదకు మిగిలినది చెంపలోని ఒక్క కండరము. 1985లో గొంతునకు చేసిన శస్త్రచికిత్సచే ఆయన మాట పోయెను. తొలుత చేతిలోని మీటతోను, చేయి పడిపోయిన పిమ్మట చెంప కదలికను కనిపెట్టు పరికరముతోను 2018లో మరణించువరకు వ్రాయుచునే యుండెను. ఆయనకై సిద్ధము చేసిన ఏర్పాటును ఇంటెల్ సంస్థవారు 2015లో ఎల్లరకును ఉచితముగా విడిచిరి.

కంటిచూపు పరికరము పనిచేయు విధము వినదగినది. అది కంటికి గోచరింపని పరారుణ కాంతిని ముఖముపై ప్రసరింపజేయును. ఆ కాంతి కంటిపొరపై చిన్న మెరుపుగా నిలుచును. ఆ మెరుపునకును నల్లపాపకును నడుమనున్న యెడమును కొలిచి, చూపు తెర మీద నెచ్చట వ్రాలినదో లెక్కగట్టును. మొదట తెరపై కొన్ని చుక్కలను ఒకదాని వెంట నొకటి చూపించి ఆ కంటి తీరు నేర్చుకొనును. తెర ముఖమునకు సుమారు 60 సెంటీమీటర్ల దూరమున నుండవలెను. ఎండలోను పరారుణ కాంతి యుండుటచే కిటికీ తెరచినచో పరికరము తడబడును. ఒత్తిడిపుండ్లు పడకుండ రెండేసి గంటలకొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పుదుము గదా. త్రిప్పిన ప్రతిమారును తలగడయు తెరయు మరల సరిచేయవలెను. ఇంత పరికరము చేసిన నిపుణులు తలగడ పని మాత్రము మనకే విడిచిరి!

ఇందొక చిక్కు కలదు. కన్ను చూచుటకును ఉన్నది, నొక్కుటకును ఉన్నది. ఊరక చూచిన దెల్ల నొక్కినట్లగును. పాశ్చాత్యులు దీనికి ముట్టినదెల్ల బంగారమైన మైడాసు రాజు పేరు పెట్టిరి. మనము భస్మాసుర హస్తమనవచ్చును. అందుకే చూపు కొంతసేపు నిలిచిననే గాని అక్షరము పడకుండునట్లు ఏర్పాటు చేయుదురు. మైక్రోసాఫ్టువారు 2017లో విండోసునందును, ఆపిలువారు 2024లో తమ ఫోనులయందును కంటిచూపుతో నడుపు సౌకర్యమును చేర్చిరి. ముఖకవళికలతో నడుపు ఏర్పాటు 2021నుండి ఆండ్రాయిడు ఫోనులలో కలదు. కావున వేరు పరికరము కొనుటకు ముందు ఇంటనున్న ఫోనులో నేమున్నదో వెదకుట మేలు.

తెలుగు వ్రాయువారికి శ్రమ కొంత అధికము. "స్త్రీ" అను ఒక్క అక్షరమును విడివిడి మీటలతో కూర్చవలెనన్న సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, దీర్ఘము అని ఆరు గుర్తులు కావలెను. చేతితో నొక్కువారికి అది రెప్పపాటు. తలతో వ్రాయువారికి ఆరుమార్లు గురిచూచుట. మన పేరే ఇంత కష్టమా యని అక్క నవ్వినది. ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయరాదా యంటిమి. "అమ్మ చదువలేదు గదా" అన్నది.

నోటితో చెప్పినచో వ్రాయు సౌకర్యమును గూగులువారు 2017 ఆగస్టులో తెలుగునకును కల్పించిరి. అది వేగమైనదే. అర్థము తెలియనిదే వ్రాయరాదని వ్యాసుడు గణపతికి నియమము పెట్టెనందురు. ఈ గణపతికి అట్టి నియమము లేదు గనుక ఒక్కొక్కప్పుడు వింతలు వ్రాయును. గొంతే పెగలనివారి కొరకు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీయందు వినీత్ గాంధీ, నీల్ షా మొదలగువారు 2024లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. చెవి వెనుక చర్మమునకు వైద్యుల స్టెతస్కోపు వంటి సాధనమును తగిలించి, పైకి వినబడని గొణుగుడులోని కంపనములను వినదగిన మాటగా మార్చుట దాని యుద్దేశము.

ఇంత సౌకర్యముండగా అక్క సాయంకాలము నోటితో గాక తలతోనే ఏదో వ్రాయుచుండుట చూచి కారణమడిగితిమి. ఆమె గది తలుపు వంక చూచినది. అప్పుడు మాకు తెలిసినది. నోటితో చెప్పి వ్రాయు జాబు ఇల్లంతయు వినును. తల్లిచే వ్రాయించిన జాబు తల్లి చదువును. రెండేండ్లు ఆమె బ్యాంకు లెక్క, స్నేహితురాలితో అలక, వైద్యునితో చెప్పుకొను స్త్రీల బాధ, సర్వమును తల్లి చేతిమీదుగానే నడచినవట. తల్లి దేవతయే. అయినను ముప్పది దాటిన ఆడుదానికి తల్లి యెరుగని మాట యొకటైన నుండదా? యంత్రము వచ్చిన మొదటినాడు అక్క మూడు గంటలు శ్రమించి పదునాలుగు పంక్తుల జాబు వ్రాసి ఎవరికో పంపినది. ఎవరికని పెద్దమ్మ నేటికిని అడుగలేదు. మేమును అడుగలేదు.

ఉద్యోగపు కథ వేరు. ఇంటినుండి పనిచేయుట కుదరదని ఆమె కచేరీవారు మొదట త్రోసిపుచ్చిరి. 2020 మార్చిలో మహమ్మారి రాగా ఆ కచేరీ కచేరీయంతయు ఇండ్లనుండియే నడచెను! అటుపిమ్మట మరియొకచోట ఆమెకు దినమునకు నాలుగు గంటల పని దొరకినది. అంగవైకల్యముగలవారి హక్కులకై 2016లో చేసిన చట్టము, ప్రతి సంస్థయు సమానావకాశముల విధానమును ప్రకటింపవలెనని చెప్పుచున్నది. పడకపట్టిన కుమార్తెగాని కోడలుగాని గల యింట ఈ మాట తెలిసియుండవలెను.

యంత్రము కొనలేనివారి మాటేమి? ఫ్రాన్సునందు జాన్ డొమినిక్ బోబీ అను పత్రికా సంపాదకుడు 1995లో పక్షవాతమున దేహమంతయు బిగిసి, ఎడమకన్ను మాత్రము మిగిలినవాడు. దగ్గర కూర్చున్న స్త్రీ యొకతె అక్షరములను వరుసగా చదువుచుండగా, కావలసినదానికి రెప్పవాల్చి ఒక గ్రంథమునే చెప్పెను. అది 1997లో అచ్చయినది. ఈ పద్ధతికి మన వర్ణమాల మరింత అనుకూలము. పెద్దలు దానిని ముందే వర్గములుగా విభజించియుంచిరి గదా. అట్టపై అచ్చులు, కవర్గము, చవర్గము, టవర్గము, తవర్గము, పవర్గము, యరలవలు వరుసకొకటిగా వ్రాసికొనవలెను. "అచ్చులా? కవర్గమా?" అని మెల్లగా అడుగుచు, రెప్ప వాలినచోట ఆగి, ఆ వరుసలోని అక్షరముల నడుగవలెను. మాట సగమై యుండగనే తెలిసినదని మనము పూర్తిచేయరాదు. మాకు అదియే అన్నిటికంటె కష్టముగా నుండెను.

ఊరికి తిరిగివచ్చి మేమట్టి అట్ట నొకదానిని చేసి, నాలుగునెలలుగా నోటమాట లేక మంచమున నున్న పొరుగింటి అవ్వగారి యొద్ద కూర్చుంటిమి. మొదటి అక్షరము దకారము. పిదప ఇకారము, సున్న. "దించుమనుచున్నదేమో" అని కోడలు తొందరపడినది. అవ్వ రెప్ప వాల్చలేదు. టవర్గమున డకారము, తుదకు ఉకారము. ఇరువది నిమిషములు పట్టినది. దిండు. చూతుము గదా, అది మెడ క్రిందనుండి జారి ప్రక్కకు పోయియున్నది.