ఖాసీ కొండలలో జలపాతాల బాట

భారతదేశపు ఈశాన్య దిక్కున, బ్రహ్మపుత్రా లోయకూ బంగ్లాదేశ్ పల్లపు భూములకూ నడుమ ఎత్తయిన గోడవలె నిలిచిన పీఠభూమి మేఘాలయ. 1972 జనవరి 21న పూర్తి రాష్ట్ర ప్రతిపత్తి పొందిన ఈ సీమకు ఆ పేరు అన్ని విధాలా సార్థకమైనది. పీఠభూమి దక్షిణపు అంచున సోహ్రా అనే ఊరు ఉన్నది. పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగువారందరికీ 'చిరపుంజి'గా పరిచితమైన ఊరు ఇదే.

సోహ్రా పరిసరాలలోని జలపాతాలను రోడ్డు పక్కన నిలిచి చూడటం ఒక ఎత్తు; అడవిదారిన నడిచి వాటిని చేరుకోవడం మరొక ఎత్తు. నీటికీ, అడవికీ, అక్కడి పల్లెలకూ గల విడదీయరాని సంబంధం నడిచినవారికే బోధపడుతుంది.

వానకు మూలం

నైరుతి రుతుపవనాలు ప్రవేశించగానే బంగాళాఖాతం మీది తేమగాలులు బంగ్లాదేశ్ మైదానాన్ని దాటి ఖాసీ కొండలను తాకుతాయి. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్న ఆ మైదానం అంచున కొండలు ఒక్కసారిగా వేయి మీటర్లకు పైగా లేస్తాయి. లోయలలో ఇరుకున పడిన గాలి వేరు దారి లేక పైకి ఎగబ్రాకి, చల్లబడి, కుండపోతగా వర్షిస్తుంది. 1860 ఆగస్టు మొదలు 1861 జూలై వరకు 12 నెలలలో ఇక్కడ కురిసిన 26,461 మిల్లీమీటర్ల వాన ప్రపంచ రికార్డుగా నమోదయినది. 1995 జూన్ 16న ఒక్కరోజులోనే 1,563 మిల్లీమీటర్ల వాన కురిసింది. హైదరాబాదులో రెండేళ్ళకు కురిసే వాన ఇంచుమించు ఇంతే.

ఇంతటి నీరు పీఠభూమి అంచుకు చేరి దూకడం వల్లనే ఇక్కడ అడుగడుగునా జలపాతాలు ఏర్పడ్డాయి. వాటిలో ప్రసిద్ధమైన నోహ్‌కలికాయ్ సుమారు 340 మీటర్ల ఎత్తు నుండి పడుతుంది. ఆ పేరు వెనుక ఒక కరుణ గాథ ఉన్నది. లికాయ్ అనే వితంతువు బిడ్డ కోసం మళ్ళీ పెండ్లాడిందట. బిడ్డపై ఆమెకు గల మమకారాన్ని సహించలేక రెండవ భర్త ఆ పసిదానిని చంపాడు. సంగతి తెలిసిన తల్లి దుఃఖంతో మతి చలించి ఈ కొండకొమ్ము నుండి దూకింది. 'లికాయ్ దూకిన చోటు' అని ఆ పేరుకు అర్థం.

మెట్లదారిలో

అడవి నడుమ జలపాతాన్ని చూడగోరేవారు సోహ్రా నుండి తిర్నా గ్రామానికి వెళ్ళి, అక్కడి నుండి నోంగ్రియాట్ పల్లెకు కాలినడకన దిగుతారు. దారిలో మూడు వేలకు పైగా మెట్లు ఉన్నాయి. విహారయాత్రికుల సౌకర్యం కోసం పుట్టిన బాట కాదిది. లోయలోని పల్లెల ప్రజలు తమ పోకచెక్కలను, తమలపాకులను, తేనెను, నారింజలను, ఆకుపత్రిని వీపున మోసుకొని సంతకు ఎక్కివచ్చే దారి. తలకు పట్టీ తగిలించి వీపున గంపతో పైకి వస్తున్న మనిషి ఎదురైతే, పక్కకు ఒదిగి దారి ఇవ్వడం యాత్రికుని కనీస ధర్మం.

దారి పొడవునా పోకతోటలు, వాటి నీడన మిరియాల తీగలు, బండల నడుమ పారే వాగులు కనిపిస్తాయి. నోంగ్రియాట్ దాటి మరికొంత దూరం అడవిలో నడిస్తే ఇంద్రధనుస్సు జలపాతం వస్తుంది. ఎండ పడిన వేళ నీటితుంపరలలో రంగుల విల్లు కానవస్తుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. వానలు ఉధృతంగా ఉన్న రోజులలో మెట్లు పాచిపట్టి జారుతాయి. మంచు కమ్మి జలపాతమే కనిపించకపోవచ్చు. వానలు వెనుకపట్టిన అక్టోబరు, నవంబరు మాసాలు ఈ నడకకు అనువైనవి. అప్పటికి దారి ఆరుతుంది. నీటిధార ఇంకా తగ్గదు.

ఊడల వంతెనలు

వర్షాకాలంలో పొంగే వాగులను దాటడానికి ఈ పల్లెల పూర్వులు కనిపెట్టిన ఉపాయం అద్భుతమైనది. ఇక్కడ కర్రవంతెన కుళ్ళిపోతుంది, వరదకు కొట్టుకుపోతుంది. అందుచేత వారు మర్రి జాతికి చెందిన ఒక చెట్టును ఒడ్డున నాటి, దాని ఊడలను బోలుగా తొలిచిన పోకమానుల గుండా ఆవలి ఒడ్డుకు సాగనిచ్చారు. అక్కడ నేలలో పాతుకున్న ఊడలు ఏటేటా లావెక్కి, ఒకదానితో ఒకటి పెనవేసుకొని వంతెనగా మారుతాయి. నడవడానికి అనువుగా తయారు కావడానికి పదిహేను నుండి ముప్పది సంవత్సరాలు పడుతుంది. నాటినవాడు తన కోసం గాక తన పిల్లల కోసం నాటుతాడన్నమాట. ఖాసీలు దీనిని 'జింగ్‌కియెంగ్ జ్రి' అంటారు. కాలం గడిచే కొద్దీ మానవ నిర్మాణాలు బలహీనపడగా, ఈ వంతెన మాత్రం చెట్టు బ్రతికినంతకాలం బలపడుతూనే ఉంటుంది. నోంగ్రియాట్‌లోని రెండంతస్తుల వంతెన జగద్విఖ్యాతం. ఈ వంతెనలున్న సీమను 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు.

వానల సీమలో దాహం

ఇంత వాన కురిసే సోహ్రాలో శీతకాలం రాగానే తాగునీటికి కటకట ఏర్పడుతుందంటే ఆశ్చర్యం కలుగుతుంది. కారణం లేకపోలేదు. ఏడాది వానలో అత్యధిక భాగం కొద్ది నెలలలోనే కురుస్తుంది. ఇనుము కరిగించడానికి కావలసిన బొగ్గు కోసం, వంటచెరకు కోసం తరతరాలుగా చెట్లు నరికారు. సున్నపురాయి, బొగ్గు త్రవ్వకాలు తోడయ్యాయి. చెట్టు పోయిన చోట మట్టి నిలువక వాననీటితో కొట్టుకుపోయింది. మిగిలిన రాతినేల నీటిని పట్టి ఉంచలేదు. కురిసిన నీరు కురిసినట్లే బంగ్లాదేశ్ మైదానాలకు పారిపోతుంది. ఊటలు ఎండి, ఆడవారు బిందెడు నీటి కోసం దూరాలు నడవవలసి వస్తుంది. వర్షర్తువులో గర్జించిన నోహ్‌కలికాయ్ సైతం ఎండాకాలానికి సన్నని దారమవుతుంది. వాననిచ్చేది మేఘమే అయినా, ఆ నీటిని దాచి ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా విడిచేది అడవి.

ఆచారం కాచిన అడవి

ఈ సత్యం ఖాసీ పెద్దలకు తెలియనిది కాదు. ఊరి దేవతకు అంకితమైన వనాలను వారు 'లా కింతాంగ్' అంటారు. షిల్లాంగ్ సమీపాన గల మావ్‌ఫ్లాంగ్ వనం వీటిలో ప్రసిద్ధమైనది. దాని నుండి ఆకునైనా, పుల్లనైనా బయటకు తీసుకుపోరాదని కట్టడి. ఆ కట్టుబాటు వల్లనే చుట్టూ గడ్డిమైదానాలు పరచుకొన్నా, ఆ వనంలో దట్టమైన చెట్లు, నాచు, పుష్పించే మొక్కలు నేటికీ నిలిచాయి. 2011 నుండి మావ్‌ఫ్లాంగ్ పరిసరాలలోని 'హిమా'లు, అనగా సంప్రదాయ పాలనా విభాగాలు, పది కలసికట్టుగా నిలిచి చుట్టుపక్కల అడవులను పునరుద్ధరించే పని చేపట్టాయి.

మావ్‌ఫ్లాంగ్ నుండే మరొక కాలిబాట కొండలు, వాగులు దాటుతూ సాగుతుంది. బ్రిటిష్ అధికారి డేవిడ్ స్కాట్ పేరిట పిలువబడే ఆ దారి అస్సామును సిల్హెట్‌తో కలపడానికి 1820 దశకంలో తలపెట్టిన మార్గంలోని భాగం. తమ గడ్డ మీద పరాయి పెత్తనం పెరగడాన్ని సహించని నోంగ్‌ఖ్లావ్ ప్రభువు తిరోత్ సింగ్ 1829లో తిరుగుబాటు లేవదీశాడు. 1833 వరకు పోరాడి, 1835లో ఢాకాలో బందీగానే కన్నుమూశాడు. నేడు ప్రశాంతంగా కనిపించే ఆ బాట వెనుక ఒక స్వాతంత్ర్య సమర గాథ దాగి ఉన్నది.

అతిథి ధర్మం

ఈ బాటలకు వచ్చేవారి సంఖ్య పెరిగిన కొద్దీ పల్లెలకు నాలుగు రాళ్ళు దక్కుతున్నాయి. బస, భోజనం, దారిచూపడం జీవనాధారాలయ్యాయి. అయితే పారవేసిన ప్లాస్టిక్ సంచి వాగులో పడితే దానిని ఎత్తేది ఆ పల్లెవాసులే. లేత ఊడను లాగి తెంపితే కొన్నేళ్ళ శ్రమ వృథా అవుతుంది. స్థానికుని వెంట నడవడం, తెచ్చిన వస్తువును తిరిగి తీసుకుపోవడం, వంతెన మీద గుంపుగా నిలువకపోవడం, పూజనీయ వనంలో ఊరి కట్టుబాటును పాటించడం - ఇవి పెద్ద నియమాలేమీ కావు. ఇంటికి వచ్చిన అతిథి పాటించే మర్యాదలే.

కృతజ్ఞత తెలుపడానికి ఖాసీలు 'ఖుబ్లేయ్' అంటారు. దైవం మేలు చేయుగాక అని దాని భావం. మెట్లు ఎక్కి తిరిగి వచ్చే యాత్రికుడు ఆ మాటను పల్లెవాసులతో పాటు వారు కాపాడుతున్న అడవికి కూడా చెప్పవలసి ఉన్నది.