వైద్య విశ్వవిద్యాలయం: సీట్లు వచ్చాయి, మరి గురువులో?

మా తణుకు వాళ్ళకి డాక్టరు చదువంటే ఒకప్పుడు కాకినాడే. 1958లో వెలసిన రంగరాయ మెడికల్ కాలేజీకి పరీక్షలూ పట్టాలూ ఆంధ్ర విశ్వవిద్యాలయానివే. 1986లో విజయవాడ కేంద్రంగా వైద్యానికి వేరే విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేటి డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం అదే. (మధ్యలో పేర్లు మారినప్పుడల్లా బోర్డు రాసేవాడికి పని దొరికింది!)

దాని ఏటేటి విజయాల్లో నాకు నచ్చింది 2023 నాటిది. ఆ సెప్టెంబరులో రాజమహేంద్రవరం, ఏలూరుతో సహా అయిదు చోట్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఒక్కోదానికి 150 సీట్లు. మనకి అటొకటీ ఇటొకటీ, బస్సు దూరంలో! సంతోషమే. కానీ సీటు జీవోతో వస్తుంది, అనాటమీ చెప్పే ప్రొఫెసరు అలా రాడు. మత్తు డాక్టరు లేకపోతే ఏ ఊరి ఆసుపత్రైనా కాన్పు కేసుని రాత్రికి రాత్రి పైకి పంపాల్సిందే. అందుచేత రాబోయే యేళ్ళ లక్ష్యాల్లో అధ్యాపకుల భర్తీ, పి.జి. సీట్లు ముందుండాలని నా కోరిక. భవనాల ఫోటోలు తర్వాత వేసుకోవచ్చు.