మన్యపు ఉపాధ్యాయులు - నూతన శిక్షణము

గ్రామపెద్దలారా!

పిల్లలకు చదువు చెప్పువాడు పంతులు. ఆ పంతులుకు చెప్పువారెవరు? అరకు, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతములందు ఈ విషయమున ఇటీవల వచ్చిన మార్పును మీకు విన్నవింపదలచితిని.

1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణసంస్థ ఏర్పడినది. ఉమ్మడి విశాఖపట్టణము జిల్లాకు అది సముద్రతీరమందలి భీమునిపట్టణమున వెలసెను. కొండమీది పంతులు అచ్చటికి పోవలెనన్న ఘాటు దిగి దినమంతయు ప్రయాణము చేయవలెను. ఒక్క పంతులే యున్న బడియైనచో, ఆతడు మరలివచ్చువరకు పిల్లలకు చదువు లేదు.

2017 సెప్టెంబరు 5న కేంద్రప్రభుత్వము 'దీక్ష' అను విద్యావేదికను ప్రారంభించినది. 2019లో మొదలైన 'నిష్ఠ' శిక్షణము తొలుత ముఖాముఖిగా సాగి, కరోనా కాలమున ఈ వేదికమీదికి మారెను. 2020 జూలై 16న దేశమందు మొట్టమొదటగా దీని నందుకొన్నవారు ఆంధ్రప్రదేశమునకు చెందిన 1,200 మంది శిక్షకులే. దీని పద్ధతి సులభము. ఉపాధ్యాయుడు చేతిఫోనులో పాఠమును చూచును, వినును, అభ్యాసములు చేయును, తుదకు పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము పొందును. పాఠ్యపుస్తకములందు అచ్చువేసిన చుక్కల చతురస్రమును ఫోనుకు చూపినచో, ఆ పాఠమునకు సంబంధించిన దృశ్యములు తెరపైకి వచ్చును. సిగ్నలు అందని పల్లెలో పనిచేయు పంతులు, అది అందుచోట కొన్ని పాఠములను ఫోనులో దాచుకొని, ఊరికి వచ్చి తీరికగా చూడవచ్చును. బడి మూయనక్కరలేదు. ఇది గొప్ప మేలు.

అయితే ఒక్క చిక్కు కలదు. పాఠము ఢిల్లీలోనో విజయవాడలోనో తయారగును. బిడ్డ మాత్రము కొండమీద పుట్టినది. ఇంట కువియో, కొండభాషయో, ఆదివాసి ఒరియాయో వినుచు పెరిగిన ఆరేండ్ల బిడ్డకు బడిలో మొదటిరోజున వినబడునది తెలుగు. ప్రశ్న తెలియని బిడ్డ ఊరకుండును. ఊరకున్న బిడ్డను మందమతి యందురు. ఆ మాట పడిన బిడ్డ బడికి దూరమగును. ఎన్ని మంచి పాఠములు విన్నను, ఆ బిడ్డ మాట తెలియని పంతులు ఏమి చేయగలడు?

ఈ తూర్పుకనుమల ఉత్తరభాగముననే గిడుగు రామమూర్తిగారు (1863-1940) దీనికి మార్గము చూపిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరభాషను తాము నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, స్వంత ధనముతో సవరలకు బడులు నడిపిరి. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కువి, కొండ, సవర మొదలగు ఎనిమిది భాషలలో ప్రాథమిక విద్యకు పూనుకొనినది. 2021లో వచ్చిన నిష్ఠ మూడవ విడతయందు పన్నెండు పాఠ్యాంశములుండగా, అందొకటి బహుభాషాబోధనను గురించినది. మరియొకటి తల్లిదండ్రులతోను ఊరివారితోను కలిసి పనిచేయుటను గురించినది.

పెద్దలారా, ఈ రెండవదానిలో మీకు భాగమున్నది. ఇంటి మాట తెలుగులో నేమగునో పంతులుకు చెప్పుడు. మీ కథలను, విత్తనముల పేర్లను, పండుగల ముచ్చటలను ఆతని ఫోనులోనే పలికి నింపుడు. పంతులు కొత్తగా నేర్చినదేమో బడికి పోయి అడుగుడు. ఫోను బోధనాపద్ధతిని తెచ్చును. బిడ్డ భాషను మాత్రము మీరే యీయవలెను.