ప్లాస్మా సోకిన ప్లాస్టిక్కు తలము: కాలక్రమమున దాని మార్పు

యానాములో ప్రతి ఉదయమును ఇంటింటికి వచ్చెడి పాలప్యాకెట్టు నొకదానిని కోసి, కడిగి, ఆరబెట్టి, లోవైపున ఒక నీటిబొట్టు నుంచి చూడుడు. అది పరచుకొనక ముడుచుకొని నిలుచును. తామరాకుపై వలె దొరలిపోకున్నను, పాలిథీనునకు నీటితో పొత్తు లేదని తెలియును. సిరాకును అదే గతి. ముడి పాలిథీనుపై ముద్రించిన ధర, తేదీ గోటితో గీచినంతనే ఊడివచ్చును. పసిబిడ్డలకు పట్టెడి పాలపై తేదీ చెరిగినచో అది చిన్న లోపము కాదు.

అందుచేత ముద్రణకు ముందు పొర యొక్క వెలుపలి వైపును విద్యుదుత్సర్గమునకు గురిచేయుదురు. అధిక వోల్టేజి వలన గాలి అయాన్లుగా విడివడి ప్లాస్మా యగును. ప్లాస్మా యను పేరు 1928లో లాంగ్‌మ్యూర్ పెట్టినది. పరిశ్రమలో ఈ పద్ధతిని కరోనా యందురు. ఇటీవలి వ్యాధితో దీనికి సంబంధము లేదు. ప్లాస్మా తాకిడికి పాలిథీను అణుమాలలు అక్కడక్కడ తెగి, ప్రాణవాయువుతో కూడిన గుంపులు తలముపై నేర్పడును. సుమారు 31 డైన్లుగా నున్న తలశక్తి 38కి పైబడును, సిరా పట్టును. అయితే ఈ మార్పు లోతు మిల్లీమీటరులో పదిలక్షల వంతులు కొన్ని మాత్రమే.

ఇంత పలుచని మార్పు స్థిరముగా నుండునా? ఉండదు. అణుమాలలు ఘనపదార్థములోను కొంత కదలుచునే యుండును. నీటిని ప్రేమించు గుంపులు గాలి వైపున నుండుట కిష్టపడక మెల్లగా లోనికి మరలును. పొరలు అంటుకొనకుండుటకై కలిపిన జారుడు పదార్థము లోపలినుండి పైకి వచ్చి తలమును కప్పును. తెగిన చిన్న ముక్కలు రాపిడికి పోవును. మార్పు మొదటి దినములలో వేగముగను, పిదప మందముగను సాగును. తలము సాధారణముగా పూర్తిగా పూర్వస్థితికి రాదు. సిలికోన్ రబ్బరు మాత్రము గంటలలోనే చాలవరకు వెనుకకు మరలగలదు.

గౌతమీ తీరమున, సముద్రమునకు చేరువ నున్న యానాము వంటి యూరిలో తేమను నిందించుట సహజము. కాని ప్లాస్మా సోకిన తలమును నీటిలో నుంచినచో ఆ గుంపులు పైననే నిలిచి, మరలుట మందగించును. అసలు శత్రువు వేడి. వేసవిలో రేకులకప్పు గిడ్డంగిలో నుంచిన చుట్ట, చల్లని గదిలో నుంచిన చుట్టకన్న త్వరగా గుణము కోల్పోవును. సిరా ఊడినప్పుడు సిరావానిని తప్పుపట్టుట పరిపాటి. నా దృష్టిలో తరచు తప్పు గిడ్డంగిది. ప్లాస్మా చేసిన తేదీ లేని చుట్టను కొనుట సగము సమాచారముతో కొనుటయే.

ముద్రించు దినమున డైను కలముతో ఒక గీత గీసి చూడవలెను. గీత రెండు సెకనులు చెదరక నిలిచిన తలము పనికివచ్చును; బొట్లుగా విడిపోయినచో మరల ఉత్సర్గము చేయవలెను. జారుడు పదార్థము బాగుగా పైకి వచ్చిన పాత పొరపై ఈ రెండవ ప్రయత్నము అంతగా ఫలింపదు. సకాలమున సిరా పట్టినచో ఆ గుంపులు సిరాతో బంధింపబడి యుండును గనుక, లోనికి మరలుట వాటికి సులభము కాదు.